పూర్తయిన రైలు మార్గం ఫలితాన్ని దేనితో పోల్చాలి?

రోడ్డో రైలు మార్గమో పూర్తయ్యాక ప్రయాణికులు పెరిగితే ప్రాజెక్టు సఫలమైనట్లేనా అని మీరు అడిగారు. ఆ ఒక్క లెక్కతో తేల్చలేమని ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మా పర్లాకిమిడి మీదుగా వెళ్లే నౌపడా–గుణుపూర్ రైలు మార్గం చూసిన నా అభిప్రాయం.

పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలై, 1931 నాటికి గుణుపూర్ చేరిన ఈ 90 కిలోమీటర్ల నేరోగేజ్ (ఇరుకు పట్టాల చిన్న రైలు) మార్గాన్ని బ్రాడ్‌గేజ్‌గా (వెడల్పు పట్టాలుగా) మార్చేందుకు 2004లో మూసివేశారు. గుణుపూర్‌కు మళ్లీ రైలు 2011లో గాని రాలేదు. ఆ తరువాత ఒక కళాశాల బృందంతో కలిసి స్టేషనులో ప్రయాణికులను ప్రశ్నించినప్పుడు మాకు ఎదురైన మొదటి చిక్కు పోలికదే. మూసి ఉన్న ఏళ్లతో పోలిస్తే ఏ బండి నడిచినా లాభమే కనిపిస్తుంది. చిన్న రైలు రోజులతో పోలిస్తే ఆ లాభం తగ్గుతుంది. నిజానికి పోల్చవలసింది మార్పు జరగకపోయి ఉంటే నేడు ఉండే పరిస్థితితో. రైలు లేకున్నా ఆటోలు, మోటారు సైకిళ్లు పెరిగేవే కనుక, రైలు సౌకర్యం లేని ఇలాంటి పట్టణాలతో సరిపోల్చి చూడాలి. మూసివేత కాలంలో జనం అదనంగా పెట్టిన బస్సు ఛార్జీలనూ ప్రాజెక్టు ఖర్చులో కలపాలి. నివేదికల్లో తరచుగా జారిపోయేది ఇదే.

అన్నిటికంటే పనికివచ్చిన ప్రశ్న: "ఈ బండి లేకపోతే ఎలా వెళ్లేవారు?" బస్సు వదిలి రైలెక్కిన వారి టిక్కెట్టు డబ్బు రైల్వేకు రాబడే గాని సమాజానికి కొత్త లాభం కాదు, వారికి మిగిలిన సమయం, ఛార్జీలే లాభం. లేకపోతే అసలు బయలుదేరేవారమే కాదన్న వారివే కొత్త ప్రయాణాలు.

పని మొదలవకముందు ఎంతమంది ఎక్కుతారని వేసిన అంచనాను కూడా బయటికి తీయాలి. పెద్ద ప్రాజెక్టులపై పరిశోధించే బెంట్ ఫ్లూబియర్గ్ బృందం 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రైలు ప్రయాణికుల అంచనాలు వాస్తవం కంటే సగటున 106 శాతం ఎక్కువగా తేలాయి. ఇంగ్లండులో పెద్ద రహదారి పథకాలను ప్రారంభమైన ఏడాదికి ఒకసారి, అయిదేళ్లకు మరోసారి పరిశీలిస్తారు. వ్యాపారాలు, నివాసాలు మారడానికి ఏడాది చాలదు.

మీ దగ్గర పని ఇంకా మొదలుకాకపోతే, ఇప్పుడే బస్టాండులో సంత రోజుకూ మామూలు రోజుకూ విడివిడిగా ప్రయాణికుల లెక్క తీయించి, ఛార్జీలతో సహా భద్రపరచండి. పని మొదలయ్యాక ఆ సమాచారం ఎంత వెతికినా దొరకదు.