బుజ్జీ, ఆ సీపీయూ విప్పే ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆన్ కావడం మానేసిందంట, షాపుకి ఇవ్వదంట, ఆదివారం తనే విప్పి చూసుకుంటుందంట" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఏడేళ్లప్పుడు నా షాపులో బల్ల కింద కూర్చుని పాత ర్యామ్ ముక్కలు ఏరుకునే పిల్ల ఇప్పుడు సొంతంగా సీపీయూ విప్పుతానంటోందని ఎంత గర్వంగా ఉందో, నువ్వు ఆ గదిలో ఒక్కదానివే ఉంటావని తలచుకుంటే అంత టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివాకే స్క్రూడ్రైవర్ ముట్టుకో.

ముందు ఒక మాట తేల్చుకో. బటన్ నొక్కితే అసలు ఏమీ కదలడం లేదా, లేక ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటోందా? మీ అమ్మ రెంటికీ "ఆన్ కావడం లేదు" అనే అంటుంది. ఫ్యాన్ తిరుగుతుంటే చాలాసార్లు మానిటర్ కేబుల్ వదులై ఉంటుంది, లేదంటే ర్యామ్ కదిలి ఉంటుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచు పొడిగుడ్డతో తుడిచి, టక్కుమనే దాకా నొక్కి పెడితే చాలావరకు సరిపోతుంది. అసలు చలనమే లేకపోతే కింద రాసినవి చెయ్యి.

గోడ దగ్గర మొదలుపెట్టు. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడు. స్పైక్ బస్టర్, యూపీఎస్ రెండూ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కి కలుపు. యూపీఎస్‌లో బ్యాటరీ రెండు మూడేళ్లకే అలిసిపోతుంది, నీది కొని ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకో. మానిటర్ పవర్ కేబుల్, సీపీయూ కేబుల్ సాధారణంగా ఒకేలా ఉంటాయి, మార్చి చూడు. సీపీయూ వెనక ఎస్ఎంపీఎస్ మీద, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చి ఇచ్చే డబ్బా మీద, చిన్న స్విచ్ ఉంటుంది, నిలువు గీత వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు అయితే ఆఫ్. ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయిన కేసులు నేను ఎన్ని చూశానో లెక్క లేదు, అలా వచ్చినవాళ్ల దగ్గర ఎప్పుడూ డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత కేబుల్ పూర్తిగా పీకేసి, ముందు బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టు. కరెంటు ఎగుడుదిగుడు అయినప్పుడు ఎస్ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది, ఇలా చేస్తే ఒక్కోసారి మళ్లీ లేస్తుంది. నీది ఇంతటితో ఆన్ అయిపోతే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

కాకపోతే విప్పాలి. ఇక్కడే నా భయం అంతా. అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ, పైన ఉండే లావు రంధ్రానికి వెనక ఎర్త్ వైరే ఉండదు చాలాచోట్ల. ఎప్పుడైనా సీపీయూ డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమందా నీకు? అలా అనిపించి ఉంటే ఎర్తింగ్ లేదని లెక్క. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం పెట్టిన కెపాసిటర్ల (కరెంటును పట్టి ఉంచే చిన్న భాగాలు) గుండా కొద్దిగా కరెంటు డబ్బాలోకి వస్తుంది, ఎర్త్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే డబ్బా మీదే నిలబడి నీ చేతి కోసం చూస్తుంటుంది. కాబట్టి కేబుల్ గోడ నుంచి పూర్తిగా పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. చెయ్యి తడిగా ఉండకూడదు, కాళ్లకు చెప్పులుండాలి. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ విప్పావంటే మాత్రం నేను బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

ఇంకొకటి, ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకు. మన 230 వోల్టులు లోపలికి వెళ్లాక దాదాపు 325 వోల్టుల డీసీగా పెద్ద కెపాసిటర్‌లో నిండుతాయి. కేబుల్ పీకిన తర్వాత కూడా కొంతసేపు అక్కడే ఉండొచ్చు. లోపల బల్లి పడి చచ్చినా సరే, నువ్వు తీయొద్దు.

ఇప్పుడు నీకు ఒక విషయం చెప్పాలి, మీ అమ్మకు కూడా తెలియదు.

1998. సికింద్రాబాద్‌లో ఒక చిన్న షాపులో పనికి చేరి ఆరు నెలలైంది. ఒక డీటీపీ సెంటర్ ఆయన స్కూటర్ మీద కాళ్ల మధ్య సీపీయూ పెట్టుకుని వచ్చాడు. పెళ్లిళ్ల సీజన్, శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి, మిషన్ ఆన్ కావడం లేదు. ఎస్ఎంపీఎస్ పోయిందని పది నిమిషాల్లో పట్టుకున్నాను, అది సరిగ్గానే పట్టుకున్నాను. కొత్తది తెచ్చి బిగించాలి. ఇప్పుడైతే మదర్‌బోర్డుకి, అదే అన్ని భాగాలూ తగిలించే పెద్ద బోర్డుకి, 24 పిన్నుల కనెక్టర్ ఒకటే ఉంటుంది, తిరగేసి పెడదామన్నా దిగదు. అప్పట్లో ఏటీ అనే పాత రకం బోర్డులకు పీ8, పీ9 అని రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాలి. రెండూ ఒకే సైజు, దీని చోట్లో అది, దాని చోట్లో ఇది హాయిగా దిగిపోతాయి. నలుపు పక్కన నలుపు, అంటే రెంటి నల్ల తీగలూ మధ్యలో కలవాలి. మాకు మొదటి రోజు నేర్పే పాఠం అదే. నేను నలుగురికి నేర్పాను కూడా.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైట్ వెలుగులో పని చేస్తున్నాను, ఆయన పక్కన నిలబడి గంట గంటకీ టైమ్ అడుగుతున్నాడు, నాకు ఆయన ముందు చురుగ్గా కనపడాలని ఉంది. రెండూ దిగాయి, గట్టిగా కూర్చున్నాయి. కూర్చున్నాయి కదా అని మళ్లీ చూడలేదు. కరెంటు రాగానే స్విచ్ వేశాను. పెద్ద చప్పుడేమీ లేదు, చిటుక్కుమంది, తర్వాత వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ వచ్చినా నా కడుపులో తిప్పుతుంది.

తప్పు అది కాదమ్మా. అది పొరపాటు. నేను వెంటనే తీగలు పీకేసి, "బోర్డు ముందే పోయి ఉందండీ" అన్నాను, అసలు తప్పు అది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, స్టూలు మీద కూలబడి, "మరి శుభలేఖలు బాబూ?" అన్నాడు. హార్డ్ డిస్క్ బతికే ఉంది. దాన్ని షాపులో వేరే మిషన్‌కి తగిలించి అర్ధరాత్రి దాకా ఆయనకు ప్రింట్లు తీసి ఇచ్చాను. చివరి కాగితం వచ్చాక ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను. ఆయన నా వంక చాలాసేపు చూసి, "సాయంత్రమే చెప్పి ఉంటే బాగుండేది, నేను ఇంట్లో అరిచి వచ్చాను" అన్నాడు. మిషన్‌ని కదిలించి పాడు చేసిందని భార్యను తిట్టి వచ్చాడంట. బోర్డు డబ్బులు నాలుగు నెలలు నా జీతంలోంచి కట్టాను, అది ఎప్పుడో మర్చిపోయాను. ఆ ఇల్లాలి సంగతి మాత్రం మర్చిపోలేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, నీ మిషన్‌లో పీ8, పీ9 లేవు గానీ నేను పడిన గుంట లాంటిది ఇంకొకటి ఉంది. నీ ఎస్ఎంపీఎస్ తీగలు ఊడదీసి పెట్టుకునే రకం అయితే, రేపు కొత్తది కొన్నాక పాత తీగలు నీట్‌గా కట్టి ఉన్నాయి కదా అని వాటినే వాడతావేమో. వద్దు. ఒక కంపెనీ తీగ ఇంకో కంపెనీ దాంట్లో చక్కగా దిగుతుంది, లోపల పిన్నుల వరస వేరు. 5 వోల్టులు పోవాల్సిన చోటికి 12 పోతే నీ ఫైళ్లుండే ఎస్ఎస్‌డీ, దాంతో పాటు నీ క్లయింట్ల డిజైన్లు అన్నీ పోతాయి. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే వరస మారొచ్చు. కొత్త డబ్బాతో వచ్చిన తీగలే వాడు.

విప్పాక ఏం చూడాలంటే, ముందు వాసన. కాలిన వాసన ఉంటే అక్కడితో ఆపెయ్. లేకపోతే 24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నులది తీసి మళ్లీ గట్టిగా పెట్టు. యూఎస్‌బీలు అన్నీ పీకెయ్, ముందున్న యూఎస్‌బీ రంధ్రంలో పిన్ను వంగి షార్ట్ అయినా మిషన్ లేవదు. ఇక చేతులు బయటికి తీసి, కేబుల్ పెట్టి, చూపుతోనే చూడు: కొన్ని బోర్డుల మీద చిన్న లైట్ వెలుగుతుంది. వెలిగితే ఎస్ఎంపీఎస్ లోపల కొంతైనా ప్రాణం ఉంది, ముందు బటనే పాడై ఉండొచ్చు. మళ్లీ కేబుల్ పీకి, పవర్ బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల తీగ తీసేసి దాని చోట రీసెట్ బటన్ తీగ పెట్టి, రీసెట్ నొక్కి చూడు. రెండు వందల రూపాయలు కూడా ఖర్చు కాని పనికి బోర్డు మార్పించుకున్న వాళ్లను చూశాను.

ఎస్ఎంపీఎస్ బతికుందో లేదో చూడటానికి పచ్చ తీగ, నల్ల తీగ పిన్నీసుతో కలిపే పరీక్ష యూట్యూబ్‌లో చూసి ఉంటావు. అది మేం రోజూ చేసేదే, నువ్వు చెయ్యొద్దు. ఇప్పుడు తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి, ఏది ఏదో తెలియదు. ఆ దాకా వస్తే ఎస్ఎంపీఎస్ ఒక్కటే ఊడదీసి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పట్టుకెళ్లు, పరీక్షించి చెబుతారు. ఎవరైనా "ఫార్మాట్ చెయ్యాలి" అంటే ఆ షాపులోంచి బయటికి వచ్చెయ్, కరెంటు రాని మిషన్‌కి ఫార్మాట్‌తో పని లేదు. బోర్డే మార్చాల్సి వస్తే మాత్రం ముందు ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఉందేమో చూసి రాసి పెట్టుకో, బోర్డు మారాక విండోస్ దాన్ని అడగొచ్చు.

రాత్రి పూట మొదలుపెట్టకు. ఆదివారం పొద్దున టిఫిన్ చేశాక మొదలుపెట్టు. పక్క ఫ్లాట్ ఆంటీని కాసేపు కూర్చోమను, ఆవిడకు ఏమీ తెలియకపోయినా పర్లేదు. సైడ్ ప్లేట్ తీయగానే నాకు ఒక ఫోటో పంపు. అందులో సీపీయూతో పాటు పీకేసిన పవర్ కేబుల్ మంచం మీద కనపడాలి, అది చూశాకే నేను "ఊఁ, కానీ" అంటాను. ఏదైనా చిటుక్కుమంటే, ఏం చేశావో ఉన్నది ఉన్నట్టు ఆ నిమిషమే చెప్పు. నేను ఏమీ అనను. ఎనిమిదింటి నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటాను.

మీ మామయ్య