స్విచాఫ్ ఉన్న ఫోన్‌కు చేసినట్టుంది అయ్యగారూ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఊరు. పోయినేడు మా చిన్న బిడ్డ చనిపోయింది, 11 ఏండ్లు, బ్లడ్ క్యాన్సర్. 14 నెలలు హైదరాబాద్ చుట్టూ తిరిగినం, ఎకరం 20 గుంటలు అమ్మినం. సంఘమంతా 40 రోజులు ఉపవాస ప్రార్థన చేసిండ్రు. అప్పుడే బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఈ బిడ్డ చావదు, లేచి సాక్ష్యం చెప్తది అని అందరి ముందర అన్నడు. 20 రోజులకే పోయింది. తర్వాత ఆయన్ని అడిగితే ఆ ఇంట్ల ఎవరికో అవిశ్వాసం ఉన్నది, ఒప్పుకోని పాపం ఏదో ఉన్నది అన్నడట. అప్పటి సంది మోకాళ్లూనితే నోట్లకెళ్లి ఒక్క మాట రాదు, స్విచాఫ్ ఉన్న ఫోన్‌కు చేసినట్టుంటది. ఆదివారం చర్చిల స్వస్థత సాక్ష్యాలు మొదలుపెడితే లేచి బయటికొస్తున్న. రాత్రిళ్లు నిద్ర లేదు. నా పాపం వల్లనే పోయిందా? దేవుడు మమ్మల్ని వదిలేసిండా? అట్ల అనుకునుడు కూడా పాపమేనా? పేరు వెయ్యకండి.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం నాలుగు రోజులు నా టేబుల్ మీదనే ఉన్నది. మామూలుగా ఉత్తరం చదువుతుంటెనే ఏ వచనం రాయాల్నో మనసుల తయారైపోతది, ఏండ్ల అలవాటు, ఈసారి ఆ అలవాటునే నమ్మబుద్ధి కాలేదు.

ఎందుకంటే కొత్తగా సేవకొచ్చిన రోజుల్ల నాగర్‌కర్నూల్ దిక్కు ఒక ఊర్ల ఏడేండ్ల పిలగాడు బాయిల పడి చనిపోయిండు. సమాధి చేసినంక నేను ఆ ఇంటికి పోయిన. తల్లి అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది, అంతకుముందు రోజు సగం కొట్టి పెట్టిందే, ఏడుస్తలేదు, చేతులు మాత్రం ఆగుతలేవు. నేను పక్కకు పోయి కూర్చొని ఎక్కడో విన్న మాట ఎత్తుకున్న, "అమ్మా, దేవుడు తోటలకొస్తే మంచి పువ్వునే కోసుకుంటడు" అని. ఆమె చేతులాపి నా మొహం దిక్కు చూసి "మీ తోటల పువ్వులు లేవా అయ్యగారూ" అన్నది. అంతే, మళ్ల గింజలు తీసుకుంట కూర్చున్నది. అప్పుడు మా పెద్దోనికి నాలుగేండ్లు. ఇంటికొచ్చి వాన్ని ఎత్తుకోవాల్నంటే నాకు భయమైంది. అందుకని చెప్తున్న, నీ బిడ్డ ఎందుకు పోయిందో నాకు తెల్వదు, తెలుసని ఎవరన్నా అంటే వాళ్లకు కూడా తెల్వదు.

ముందు ఆ ప్రసంగీకుని సంగతి తేల్చేద్దాం. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఆఖరి వచనం తీసి చదువు. ఒకడు దేవుని పేరు మీద మాట చెప్పి అది జరగకపోతే ఆ మాట దేవుడు చెప్పింది కాదు, వాడు అహంకారంతో చెప్పిండు, వానికి భయపడొద్దు అని ఉంటది. ఆ వచనంల ఇంటోళ్ల అవిశ్వాసం ముచ్చటే లేదు, తప్పు చెప్పినోని మీదనే పెట్టింది. తను చెప్పింది జరగలేదని తలదించుకోవాల్సింది పోయి ఆ భారం తెచ్చి బిడ్డను పోగొట్టుకున్న తల్లి నెత్తిన పెట్టిండు, కోపం రాకుండ దీని గురించి రాయడం నాతోని కాదు. నువ్వు ఆ మాటకు భయపడే పని లేదు.

ఇగ పాపం సంగతి. మనోళ్లకు బాధ కనపడంగనే కారణం వెతుకుడు ఒక రోగం. బైబిల్‌ల అన్నీ పోగొట్టుకున్న యోబు కథల ముగ్గురు దోస్తులొచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద ఒక్క మాట మాట్లాడకుండ కూర్చున్నరు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచినంక ఏమన్నరు, నువ్వేదో పాపం చేసి ఉంటవు, ఒప్పుకో, అంతా సక్కగైతది అన్నరు. వినడానికి మంచి ప్రసంగం లెక్కనే ఉంటది, మన మైకులల్ల రోజూ అదే వినపడతది. యోబేమో పుట్టిన దినాన్ని శపించిండు, దేవుడు నాకు అన్యాయం చేసిండన్నడు, నా ముందరికొచ్చి జవాబు చెప్పమని కోర్టుకు పిలిచినట్టు పిలిచిండు. 42వ అధ్యాయంల దేవుడు తీర్పు చెప్పిండు గదా, ఆ దోస్తుల మీద కోపపడి, నా సేవకుడు యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగ్గ పలకలేదు అన్నడు. దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్నోళ్లు తప్పయిండ్రు, దేవునితోని కొట్లాడినోడు రైటయిండు.

యేసు దగ్గర కూడా ఇదే ముచ్చట వచ్చింది. సిలోయంల గోపురం కూలి 18 మంది చచ్చిపోయిండ్రు, ఆ వార్త అందరి నోట్ల ఉన్నట్టుంది, వాళ్లు మిగతా యెరూషలేమోళ్ల కంటే ఎక్కువ పాపులనుకుంటున్నరా, కాదు అన్నడు. హెబ్రీ పత్రికల తండ్రి కొడుకును శిక్షించినట్టు అని ఉన్నది గదా అంటరు కొందరు. ఉన్నది, నిజమే, కానీ అది విశ్వాసం కోసం దెబ్బలు తింటున్న సంఘాన్ని తట్టుకొని నిలబడమని రాసిన మాట, 11 ఏండ్ల బిడ్డ సమాధి కాడ నిలబడి చదివే మాట కాదు. ఏ తండ్రి పెద్దోళ్లకు బుద్ధి చెప్పాల్నని చిన్నబిడ్డను చంపుతడు?

రెండో ప్రశ్న, వదిలేసిండా అని. ఇక్కడ నేను అవునని గానీ కాదని గానీ టక్కున అనను. సిలువ మీద యేసు ఏమని కేక పెట్టిండో మార్కు సువార్తల చూడు, "ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ". సువార్త రాసింది గ్రీకుల, గని ఆ కేకను మాత్రం ఆయన ఇంట్ల మాట్లాడే అరామిక్‌ల ఉన్నదున్నట్టే ఉంచిండ్రు. అది 22వ కీర్తన మొదటి మాట, నా దేవా నా దేవా నన్నెందుకు విడిచిపెట్టినవు అని. కీర్తన హీబ్రూల ఉంటది, ఆయన మాత్రం తన సొంత భాషల అన్నడు. మనకు దెబ్బ తగిలితే ఓ అవ్వా అని వస్తదిగని బడిల నేర్చుకున్న మాట వస్తదా, అట్ల. పక్కన నిలబడ్డోళ్లకు కూడా అర్థం కాలేదు, ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నడు అనుకున్నరు. నీ బాధ పక్క బెంచీ మీద కూర్చున్నోళ్లకు అర్థం అయితలేదంటే అది కొత్త సంగతేం కాదు.

ఈ కేక మీద పండితులల్ల రెండు రకాలున్నరు. 22వ కీర్తన ఏడుపుతోని మొదలై స్తుతితోని అయిపోతది కాబట్టి మొదటి లైన్ అన్నడంటే మొత్తం కీర్తనను తలుచుకున్నట్టే, అంటే ఆయన మనసుల ఆశ ఉన్నది అని కొందరంటరు. లేదు, ఆ గడియల నిజంగనే విడిచిపెట్టబడ్డోని లెక్క అరిచిండు, దాన్ని తియ్యగా చెయ్యొద్దు అని ఇంకొందరంటరు. నేను రెండో రకమోళ్ల దిక్కు. ఎందుకంటే ఆ చీకటిల దేవుని కొడుకే నిలబడి ఎందుకు అని అడిగినంక, అదే ప్రశ్న నువ్వడిగితే పాపం ఎట్లయితది? అప్పుడు ఆయనకు కూడా జవాబు రాలేదు, ఆకాశంకెళ్లి ఏ శబ్దం రాలేదు. మూడోనాడు వచ్చింది అంటవా, వచ్చింది, నేను నమ్ముత, కానీ నువ్వు ఇంకా ఆ సిలువ శుక్రవారంలనే ఉన్నవు, నిన్ను గుంజి ఆయన లేచిన ఆదివారంల కూర్చోబెట్టే తొందర నాకు లేదు.

నువ్వు మాట రాకపోతే 88వ కీర్తన తియ్యి. 150 కీర్తనలల్ల దాదాపు మూడో వంతు మొర పెట్టుకునే కీర్తనలే, మన చర్చిలల్ల మాత్రం కీబోర్డు, డ్రమ్స్ పెట్టి అంతా స్తుతి పాటలే పాడతం, ఇది మన సంఘాలల్ల పెద్ద లోటు అని నేను ఎన్నోసార్లు అన్న, నా మాట ఎవరు వింటరు. మొరపెట్టే కీర్తనలు చాలామట్టుకు చివర్లనన్నా కొంచెం వెలుగుల పడతయి, 88 పడదు. నన్నెందుకు విడిచినవు, నీ మొహం నాకెందుకు దాచినవు అని అడుక్కుంట అడుక్కుంట పోయి, చీకటే నాకు సుట్టమైందన్న మాటతోని అయిపోతది. తర్వాత ఏం లేదు, హల్లెలూయ కూడా లేదు. అయినా దాన్ని కొట్టెయ్యకుండ బైబిల్‌ల ఉంచిండ్రు. నీలాంటి రాత్రి ఇంకొకడు కూడా గడిపి రాసిపెట్టిండన్నట్టు.

ఇంకో సంగతి చెప్త, మన ప్రొటెస్టెంటోళ్లు కొందరు మొహం ముడుస్తరు గని చెప్త. మదర్ థెరిసా 1997ల చనిపోయింది, పదేండ్లకు 2007ల ఆమె తన గురువులకు రాసుకున్న ఉత్తరాలు బయటికొచ్చినయి. కోల్‌కతాల పేదల పని మొదలైన కొత్తల నుంచి దాదాపు చనిపోయేదాక, అంటే సుమారు 50 ఏండ్లు, ప్రార్థనల దేవుడు ఉన్నట్టే అనిపిస్తలేదు, లోపలంతా చీకటి, ఖాళీ అని రాసుకున్నది. లోకమంతా ఆమె నవ్వు మొహమే చూసింది. నువ్వు అట్లనే కండ్లు తుడుచుకొని సేవ చెయ్యాల్నని ఈ మాట రాస్తలేను, ఏం అనిపించకపోవుడు వేరు, విశ్వాసం లేకపోవుడు వేరు అని రాస్తున్న. విశ్వాసం లేనోడు ఇంత పెద్ద ఉత్తరం రాసి దేవుడేడి అని అడగడు, పట్టించుకోడు. నువ్వు స్విచాఫ్ అన్నవు గదా, అయినా అదే నంబర్‌కు చేస్తున్నవు.

మార్త, మరియల తమ్ముడు లాజరు చనిపోయినప్పుడు కూడా గంతే, జబ్బు కబురు అందినంక యేసు కావాల్నని రెండు రోజులు ఆగిండు. మార్త ఎదురుపోయి ఊకున్నదా, ప్రభువా నువ్వు ఇక్కడ ఉంటే మా తమ్ముడు చావకపోవు అని మొహం మీదనే అన్నది, మరియ కూడా అదే మాట అన్నది. ఆయన వాళ్లను గదమాయించలేదు. ఏడ్చిండు. కాసేపటికి లేపబోతున్నడని తెలిసి కూడా ఏడ్చిండంటే ఆ ఏడుపు ఉత్తగ చూపెట్టడానికి కాదు. కానీ వాళ్ల తమ్ముడు లేచిండు, నీ బిడ్డ లేవలేదు, ఆ తేడా నాకు కనపడుతలేదనుకోకు. అపొస్తలుడు పౌలు కూడా తన ఒంట్ల ముల్లు లెక్క గుచ్చే బాధను తియ్యమని ప్రభువును మూడుసార్లు బతిమాలిండు, తియ్యలేదు, నా కృప నీకు చాలు అన్న మాట ఒక్కటి దొరికింది. ఆ మాట పౌలు తన గురించి తను చెప్పుకున్నడు. అదే వచనం పక్కోళ్లు తెచ్చి నీ మీద పారేస్తే తీసుకోవాల్సిన అవసరం లేదు.

నిద్ర సంగతి మర్చిపోయిన అనుకోకు, అన్నిటికంటే అర్జెంటు అదే. ఏలీయా అడివిల చెట్టు కింద పడి ఇగ నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుని దూత బోధ చెయ్యలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిల నీళ్లు పెట్టి తిను అన్నడు, తిని మళ్ల పడుకున్నడు, మళ్ల లేపి మళ్ల తినబెట్టిండు. బోధ తర్వాత సంగతి. నీకు ఏడాది సంది నిద్ర లేదంటే డాక్టర్‌కు చూపించుకో, గోళీలు వేసుకుంటే విశ్వాసం తక్కువ కాదు. బయటికి పోబుద్ధి కాకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని మనసు బాధలు వినే గవర్నమెంటు లైను, పైసలు అడగరు, తెలుగుల మాట్లాడతరు. చచ్చిపోవాల్నన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే చెయ్యి, మీ ఆయనకు కూడా చెప్పు. ఆయన గురించి ఉత్తరంల ఒక్క మాట రాయలేదు, ఆయన ఎట్లున్నడు? మగోళ్లు ఏడ్వకుండ పొలం కాడికి పోయి కూర్చుంటరు, అడిగి చూడు.

చర్చికి పోవాల్నా వద్దా అంటే, పోబుద్ధయితే పో, వెనుక చాప మీద కూర్చో, పాట రాకపోతే పాడకు, సాక్ష్యాలప్పుడు బయటికొస్తే ఎవరన్నా ఎందుకంటే గాలి ఆడుతలేదు అను. నెల రోజులు పోకపోయినా దేవుడు అటెండెన్స్ తీసుకోడు. సంఘంల ఒక్కరన్నా నోరు మూసుకొని నీ పక్కన కూర్చునే మనిషి ఉంటే ఆమెను ఇంటికి పిలువు. చాయ్ పెట్టి, మీ బిడ్డ పేరు చెప్పి, బిడ్డ ఏం తినేది, ఏం అల్లరి చేసేది చెప్పుకో. ఏడాదైనంక అందరూ ఆ పేరు ఎత్తుడు బంద్ చేస్తరు, తల్లికి అదొక రెండో చావు.

ప్రశ్న: సార్, మాది మర్రిగూడ దిక్కు. మా అన్నకు 50 ఏండ్లు కూడా లేవు, నడుము వంగిపోయింది, కాళ్లు వంకర తిరిగినయి, పట్టుకొని లేపాలె. మేం కొత్తగా ప్రార్థనకు పోతున్నం. మీ తాతల పాపం ఏదో ఉన్నది, శాపం తెంపే ప్రార్థన చేయించుకోండి అంటున్నరు. నిజమేనా?

జవాబు: తమ్మీ, యోహాను 9వ అధ్యాయంల శిష్యులు పుట్టు గుడ్డోన్ని చూసి వీడు పాపం చేసిండా, వీని తల్లిదండ్రులు చేసిండ్రా అని అచ్చం ఇదే అడిగిండ్రు. వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నడు యేసు. అని ఊకోలేదు, ఉమ్మితోని మట్టి పిసికి కండ్లకు పూసి సిలోయం కోనేట్ల కడుక్కొమ్మని పంపిండు. ఎవరి పాపం అన్న ముచ్చట ఇడిసిపెట్టి పనిల పడ్డడు.

మీ దిక్కు సంగతి నీకు నేను చెప్పాల్నా. నేల కింది రాళ్లల్లకెళ్లి ఫ్లోరైడ్ దిగి బోరు నీళ్లల్ల కలుస్తది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు అంటరు, మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు చాలా బోర్లల్ల అంతకు ఎక్కువనే ఉండె. చిన్నప్పుడు పండ్లు గారపడతయి, ఏండ్ల కొద్ది తాగితే బొక్కలు గట్టిపడి వంగిపోతయి. దానికి మీ తాత ఏం పాపం చేసిండు, దూపైతే ఊర్ల బోరు నీళ్లు తాగిండు, అంతే. అందరూ శాపం అనుకుంట కూర్చుంటే నీళ్లను పట్టుకపోయి పరీక్ష చేసేటోడే ఉండకపోవు. నాగ్‌పూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు 1970లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిండ్రు, గర్వపడాల్నో ఏడ్వాల్నో తెల్వదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలకు వస్తున్నయి, పిల్లలకు మేలే, కానీ వంగిన బొక్కలు మళ్ల సక్కగ కావు, మీ అన్నకు అబద్ధం ఆశ పెట్టకండి, పెట్టేటోళ్లను ఇంట్లకు రానియ్యకండి.

ప్రార్థన చేయించుకో, మంచిదే, శాపం తెంపుతమని పైసలడిగితే మాత్రం ఇయ్యకు. ఇంట్ల ఎవరన్నా ఇంకా పాత బోరు నీళ్లే వంటకు వాడుతున్నరేమో చూడు. మీ అన్నకు వికలాంగుల సర్టిఫికెట్, సదరం అనేటోళ్లు గదా, అది ఉన్నదా, పింఛన్ వస్తున్నదా, ఆ సంగతి రాయలేదు నువ్వు. లేకపోతే ఈ నెలల ఆ సర్టిఫికెట్ క్యాంపు ఎప్పుడో మండలాఫీసుల అడుగు, పోయేటప్పుడు ఆటోల ముందటి సీటు కాదు, వెనుక కాళ్లు చాపుకునేటట్టు కూర్చోబెట్టుకొని పో.