అమ్మానాన్నలతో యార్క్: ఒక్క టిక్కెట్టు చాలు

ఎండాకాలం రాగానే కొత్తగా ఇంగ్లండు వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, యార్క్‌లో ఒక్కరోజులో ఏమేం చూపించాలి? లండన్ నుంచి రైల్లో రెండు గంటలు, లీడ్స్ నుంచి అరగంటలోపే. టిక్కెట్టు ముందుగా కొంటే చవక. కారు మాత్రం వద్దు.

నేను మొదటిసారి నాలుగు చోట్లకు ముందే డబ్బు కట్టేశాను. మధ్యాహ్నానికల్లా మా అమ్మ షాంబుల్స్ వీధిలో మోకాళ్లు పట్టుకుని ఒక కొట్టు గుమ్మం మీద కూలబడింది. రెండు టిక్కెట్లు దండగ. ఆ వీధి ఒకప్పుడు కసాయి కొట్ల వరుస. మాంసం పరిచి అమ్మిన వెడల్పాటి కిటికీ బల్లలు ఇంకా ఉన్నాయి. శాకాహారి అయిన అమ్మకు ఆ సంగతి ఇంటికొచ్చాకే చెప్పాను.

రైలు దిగగానే స్టేషన్ వెనకే ఉన్న నేషనల్ రైల్వే మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్ల వేగం అందుకున్న మల్లార్డ్ అనే ఆవిరి ఇంజను అక్కడే ఉంది. కాజీపేటలో రైలు డ్రైవరుగా రిటైరైన మా నాన్నగారు దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, చక్రాల దగ్గర వంగి ఏదో లెక్క వేసుకున్నారు. జపాన్ బుల్లెట్ రైలు పెట్టెలో కూర్చోనిస్తారని తెలిశాక ఇక లేవనంటారేమోనని భయపడ్డాను.

తర్వాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీద నడవండి. మొత్తం మూడున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. పెద్దవాళ్లకు బూతమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా చాలు. బార్ అంటే ఇక్కడ కోటగుమ్మం, గేట్ అంటే వీధి. ఇది చెప్పకముందు నాన్నగారు "నన్ను బార్‌కెందుకు తీసుకెళ్తున్నావు?" అన్నారు. గోడకు లోపలివైపు చాలాచోట్ల కమ్మీలు ఉండవు, పిల్లల చెయ్యి వదలకండి. దిగాక యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి పక్కన డీన్స్ పార్కులో బెంచీ చూసుకుని పులిహోర డబ్బా తెరవవచ్చు.

డబ్బు పెట్టేదేదైనా ఉంటే అది మిన్‌స్టర్‌కే. 1220లో మొదలుపెట్టి 1472లో ముగించిన కట్టడం. తూర్పు కిటికీ ఒక్కటే టెన్నిస్ కోర్టంత ఉంటుంది, 600 ఏళ్ల నాటి రంగుటద్దాలు. "గుడికి టిక్కెట్టా?" అన్నారు నాన్నగారు. తిరుమలలో మూడు వందలు కట్టలేదా అన్నాను. గోపురానికి 275 మెట్లు, అది ఎక్కడం మీ వరకే ఉంచుకోండి.

ఆ టిక్కెట్టూ ఎక్కువనిపిస్తే సాయంత్రం అక్కడే జరిగే ఈవెన్‌సాంగ్ అనే పాటల ప్రార్థనకు వెళ్లండి. దానికి రుసుము లేదు, మీ మతమేమిటని ఎవరూ అడగరు. వేళ ముందురోజు చూసుకోండి, ఫోను కట్టేయండి, మధ్యలో లేవకండి. చెప్పులు ఎక్కడ విడవాలని అమ్మ గుమ్మం దగ్గర వెతికింది. అక్కర్లేదన్నా మనసొప్పక, కూర్చున్నాక బెంచీ కింద మెల్లగా విడిచి, గాయకులు ఆపేదాకా చేతులు జోడించే ఉంది.