నటన మీద మనసు, జేబులో డబ్బు లేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వయసు 16. నటుణ్ణి కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. నాన్న స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. ‘చదువు మానేసి వేషాలు కడతావా’ అని కోప్పడతారు. హైదరాబాద్‌లో కోర్సులకు లక్షల్లో అడుగుతున్నారు. పరీక్షలు అవగానే ఇంట్లో చెప్పకుండా హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ వెళ్ళిపోదామనుకుంటున్నాను.
– ఓ విద్యార్థి, చిలకలూరిపేట

జవాబు: వెళ్ళొద్దు నాయనా. నీ కోరికలో తప్పేమీ లేదు, కానీ నీ వయసుకు అక్కడ పని జరగదు. 18 నిండనివారు పెట్టిన సంతకం ఒప్పందంగా చెల్లదు. అందుకే పద్ధతిగా నడిచే నిర్మాణ సంస్థ ఏదైనా అమ్మానాన్నల సంతకం అడుగుతుంది. అడగకుండా నిన్ను తీసుకున్నవాడు రేపు డబ్బు ఎగ్గొడితే నీ చేతిలో చూపించడానికి కాగితం కూడా ఉండదు. గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు పని రోజుకూలీ. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడినా డైలాగ్ చెప్పే అవకాశం దానంతటది రాదు.

ఈ రెండేళ్ళలో నీకు కావలసింది స్టేజీ మీద గడిపే గంటలు. అవి నీ ఊరి చుట్టుపక్కలే, దాదాపు ఉచితంగా దొరుకుతాయి. గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో పరిషత్తు నాటక పోటీలు, అంటే పరిషత్తులనే కళాసంఘాలు జరిపే పోటీలు, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ పోటీలకు నాటికలు తయారుచేసే నాటక సమాజాల్లో ఎక్కువమంది ఉద్యోగస్తులే: టీచర్లు, బ్యాంకువాళ్ళు, ఆర్టీసీవాళ్ళు. పగలు డ్యూటీ, రాత్రి రిహార్సల్. మీ కాలేజీలో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే లెక్చరర్‌నో, శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌నో అడిగితే ఒక సమాజం ఆచూకీ తెలుస్తుంది. పోటీలు జరిగే ఊరికి వెళ్ళి, ప్రదర్శన అయ్యాక తెర వెనక దర్శకుణ్ణి కలిసినా సరే.

కలిసినప్పుడు ‘వేషం ఇవ్వండి’ అనకు. ‘ప్రాంప్టింగ్ చేస్తాను, సామాన్లు చూసుకుంటాను’ అను. ప్రాంప్టింగ్ అంటే తెర పక్కనుంచి నటులకు డైలాగులు అందించడం. ప్రాంప్టర్ చేతిలో స్క్రిప్టు ఉంటుంది, అతను ప్రతి రిహార్సల్‌కీ రావాలి. నెల తిరిగేసరికి అందరి డైలాగులూ, ఎవరు ఎటునుంచి వచ్చి ఎక్కడ నిలబడాలో అన్నీ నోటికి వచ్చేస్తాయి. ఎవరికో ట్రాన్స్‌ఫర్ అవుతుంది, ఎవరికో జ్వరం వస్తుంది. ఆ రోజు దర్శకుడు చూసేది నీ వైపే. మొదటి వేషాలు చాలామందికి అలాగే వస్తాయి.

ఇంట్లో చేయాల్సిన సాధన ఒకటి చెబుతాం. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘నేను ఆ మాట వాడితో చెప్పాను’, ‘నేను ఆ మాట వాడితో చెప్పలేదు’: తేడా అంతా ఆఖరి మాటలోనే. కొత్త నటుల ఊపిరి సరిగ్గా అక్కడే అయిపోతుంది. గొంతు పడిపోతుంది, వెనక వరసలో కూర్చున్నవాడికి చెప్పాడో చెప్పలేదో అర్థం కాదు. దినపత్రిక సంపాదకీయంలో పొడవైన వాక్యం ఒకటి తీసుకో. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి 20 అడుగుల దూరంలో పెట్టు. అరవకుండా చదువు. వింటే చివరి మాట తేటగా రావాలి. రాకపోతే వాక్యం మధ్యలో, అర్థం తెగని చోట ఊపిరి తీసుకుని మళ్ళీ చదువు. రోజుకు 15 నిమిషాలు చాలు. ఒత్తులు, శ–ష–స, ణ–న, ళ–ల తప్పులు కూడా ఆ రికార్డింగులోనే దొరికిపోతాయి. మీ పల్నాడు యాసను మాత్రం చంపుకోకు. అవే పది వాక్యాలు నీ యాసలో ఒకసారి, పుస్తక భాషలో ఒకసారి చెప్పు. రెండూ వచ్చినవాడికి వేషాలు ఎక్కువ.

డైలాగ్ బట్టీ పట్టేటప్పుడు భావం లేకుండా చప్పగా పట్టు. మొదటి రోజే రాగం తీసి పట్టావో, ఆ రాగం అతుక్కుపోతుంది. ఎదుటి నటుడు కొత్తగా ఏం చేసినా నువ్వు మాత్రం ఆ పాత పాటే పాడతావు. పరిషత్తు నటుల్లో చాలామందికి పట్టుకున్న జబ్బు ఇదే. తొలినాళ్ళలోనే జాగ్రత్త పడితే పోతుంది, ఆ తర్వాత వదిలించుకోవడం మహా కష్టం.

ఇక నాన్నగారి సంగతి. ఆయన చెప్పినదాంట్లో ఒకటి నీకు పనికొచ్చేదే. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సుకు ఏదైనా డిగ్రీ ఉండాలి, కొన్ని నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ చూపాలి. సీటు వచ్చినవారికి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సుకూ డిగ్రీ కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీకీ అంతే. అంటే డబ్బు లేనివాడు మంచి చోట నేర్చుకోవాలంటే ముందు డిగ్రీ ఉండి తీరాలి. ఈ మాట నాన్నగారికి చెప్పు. ‘డిగ్రీ పూర్తి చేస్తాను, వారానికి రెండు రోజులు రిహార్సల్‌కు పంపండి, తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటాను’ అని అడుగు. ఒక రాత్రి ఆయన్ను కూడా తీసుకెళ్ళు. అక్కడ తనలాగే పని చేసుకుని బతికే పెద్దమనుషులు కనబడితే సగం భయం పోతుంది.

ప్రతి ప్రదర్శన కరపత్రమూ దాచిపెట్టు. నీ పేరు ప్రాంప్టర్‌గా అచ్చయినా సరే, తేదీ, ఊరు కనబడేలా ఫోటో కూడా తీసుకో. రేపు అనుభవం రుజువు చేయమన్నప్పుడు చూపించాల్సింది అవే.

ప్రశ్న: వయసు 17. ఇన్‌స్టాలో నా రీల్స్ చూసి ఒకరు ‘వెబ్ సిరీస్‌కు సెలెక్ట్ అయ్యారు’ అని మెసేజ్ పెట్టారు. పోర్ట్‌ఫోలియోకు (వేషాల కోసం చూపించే ఫోటోలు), రిజిస్ట్రేషన్‌కు కలిపి 15 వేలు అడిగారు. 3 వేలు పంపేశాను. మిగతాది హోటల్‌కు ఒంటరిగా తెచ్చి ఇవ్వమంటున్నారు. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు.
– పేరు వద్దు, వరంగల్

జవాబు: అమ్మా, వెళ్ళకు, ఇంకో రూపాయి పంపకు. నటిని ఎంచుకోవడానికయ్యే ఖర్చు నిర్మాతది. వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్‌కు కమీషన్ ఉంటే, అది నీకు పారితోషికం అందాక వచ్చే విషయం. ఆడిషన్ చూడకుండానే సెలెక్ట్ చేశారంటే వాళ్ళు చూసింది నీ జేబునే.

మెసేజ్‌లు చెరిపేయకు, అతణ్ణి బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకో. యూపీఐ లావాదేవీ నంబరు రాసిపెట్టుకుని ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నీ అసభ్యమైన ఫోటోలు అడిగినా, వాటితో బెదిరించినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు. నీకు 18 నిండలేదు కాబట్టి అది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందికి వచ్చే నేరం. ఇంట్లో అమ్మకో పిన్నికో, ఒక్కరికైనా ఇవాళే చెప్పు. మోసం చేసినవాడిదే తప్పు, నీది కాదు.

పోర్ట్‌ఫోలియోకు పైసా అక్కర్లేదు. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీకి ఎదురుగా నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకో: ముఖం, నడుము దాకా, నిలువెత్తు, పక్కనుంచి. గళ్ళూ పువ్వులూ లేని ఒకే రంగు బట్టలు వేసుకో, ఫిల్టర్ వద్దు. ఆడిషన్ వీడియోకు ఫోన్‌ను అడ్డంగా, కంటి ఎత్తులో స్టూలు మీద పుస్తకాలు పేర్చి పెట్టు. వెనక ఖాళీ గోడ ఉండాలి. ఫ్యాన్ ఆపు, దాని రొద మనకు వినపడదు గానీ మైక్‌కు వినపడుతుంది. ఎదుటి పాత్ర మాటలు చదివే మనిషి ఫోన్ పక్కనే నిలబడాలి, లేకపోతే నీ చూపు ఫ్రేము బయటికి పోతుంది. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, నిమిషంన్నరలో ముగించు. ఇంటి అడ్రసు, కాలేజీ పేరు చెప్పొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్ళు. సీరియల్‌లో వేషం వచ్చింది. వాళ్ళ నాన్న లేరు, నేను టైలరింగ్ చేస్తాను. షూటింగ్ ఎన్ని గంటలు ఉండొచ్చు? డబ్బు ఎవరి పేర ఇస్తారు?
– ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: 14 ఏళ్ళలోపు పిల్లలకు కేంద్రం 2017లో సవరించిన నిబంధనలు ఉన్నాయి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి నిర్మాత తెచ్చుకోవాలి. మీ సమ్మతి కూడా తప్పనిసరి. సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అది మేజర్ అయ్యాకే ఆమె చేతికి వస్తుంది.

సంతకం పెట్టే ముందు అనుమతి కాపీ అడగండి. గంటల లెక్క మేకప్‌కు కూర్చోబెట్టిన సమయంతో కలిపి చూస్తారా, లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. మొదటి చెక్కు వచ్చాక డిపాజిట్ రసీదు జిరాక్స్ తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి.