ఆ కొత్త ఇంజెక్షన్ వచ్చేదాకా ఆగమంటారా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పురీషనాళంలో క్యాన్సర్ అన్నారు. 28 రోజులు రేడియేషన్, దాంతోపాటు కెపసిటబిన్ అనే కీమో మాత్రలు, తర్వాత ఆపరేషన్ అని చెప్పారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య మాత్రం కీమో, రేడియేషన్ రెండూ ఒకే లైపోజోమ్ ఇంజెక్షన్‌లో ఇస్తారట, తొందరపడొద్దు అంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఆగొద్దమ్మా. మీ అన్నయ్య చదివింది అబద్ధం కాదు. కానీ మీ నాన్నగారికి ఇప్పుడు దొరికే వైద్యం అది కాదు.

లైపోజోమ్ అంటే కొవ్వు పొరతో చేసిన అతిచిన్న బుడగ. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. మందు అందులో ఉంటుంది. గడ్డలో రక్తనాళాలు హడావుడిగా పుట్టుకొస్తాయి కాబట్టి వాటి గోడల్లో సందులుంటాయి. బుడగలు అక్కడ బయటికి జారి పోగవుతాయి. 2021లో బ్లాక్ ఫంగస్‌కు ఊళ్లు పట్టుకుని వెతికిన ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ గుర్తుందా? అదీ లైపోజోమ్ మందే.

తైవాన్‌లో డాక్సోరుబిసిన్ అనే కీమో మందునూ, రీనియం-188 అనే రేడియోధార్మిక పదార్థాన్నీ ఒకే బుడగలో పెట్టి, పెద్దపేగు క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలకు ఇచ్చారు. ఏదో ఒక్కటే ఇచ్చినప్పటికంటే రెండూ కలిపితే గడ్డ బాగా అణిగింది. అయితే ఎలుకలో రోజుల్లో పెరిగే గడ్డ వేరు, మనిషిలో ఏళ్ల తరబడి పెరిగిన గడ్డ వేరు. మనుషుల్లో ఆ సందులు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. ఇరినోటెకాన్ అనే మరో కీమో మందు లైపోజోమ్ రూపానికి 2015లో అమెరికా అనుమతి ఇచ్చింది కానీ, అది క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్‌కు. పోనీ, బుడగలో పెడితే బాధలుండవా అంటే అదీ లేదు. లైపోజోమ్ డాక్సోరుబిసిన్‌తో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొరలు ఊడటం మామూలే.

మీ డాక్టరు చెప్పింది ఏళ్లుగా నిలబడ్డ పద్ధతి. మాత్రలు కూడా రేడియేషన్‌కు తోడు పనిచేస్తాయి, గడ్డ కణాలను దానికి లొంగేలా చేస్తాయి. పొద్దున, రాత్రి భోజనమైన అరగంటలోపు వేయించండి. రేడియేషన్‌కు ముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకొని రమ్మంటే విసుక్కోవద్దని నాన్నగారికి చెప్పండి. మూత్రాశయం నిండితే చిన్నపేగులు పైకి జరిగి కిరణాల దారి నుంచి తప్పుకుంటాయి. విరేచనాలు రోజుకు నాలుగు దాటినా, చేతులు మండినా, జ్వరం వచ్చినా తర్వాతి మాత్ర వేయకముందే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఆపరేషన్ సాధారణంగా రేడియేషన్ ముగిసిన 6 నుంచి 12 వారాలకు ఉంటుంది. అన్నయ్యగారిని అప్పటికి సెలవు పెట్టుకోమనండి.