నూతిలో బ్లీచింగ్ వేశాం, ఆవులు నీళ్లు ముట్టడం లేదు

ప్రశ్న: వంశధార వరద మా నూతిలోకి వచ్చింది. బురద తోడించి, నాలుగు గుప్పిళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లాం. ఆవులు మూతి పెట్టి వెనక్కి తిప్పేస్తున్నాయి. మిగిలిన బస్తాని శాలలో యూరియా పక్కన పెట్టాం. తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, హిరమండలం మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నూతి సంగతి తర్వాత, ముందు ఆ బస్తా సంగతి చూడండి. చెమ్మ తగిలిన బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. అది గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలమీదే పేరుకుంటుంది. నిలబడిన మీకు కళ్లు మండే సరికే, కింద పడుకున్న దూడ దాన్ని బాగా పీల్చేసి ఉంటుంది. పశువుల్ని బయటికి తోలి, తలుపులన్నీ తీసి, ఘాటు తగ్గాకే లోపలికి వెళ్లండి. తడిగుడ్డ కట్టుకుంటే చాలనుకోవద్దు. బ్లీచింగ్ యూరియాతో కలిస్తే పేలే గుణమున్న పదార్థం తయారవుతుంది. రెండు బస్తాలూ చిరిగి కలిసిపోయి ఉంటే మీరు ముట్టుకోకుండా అగ్నిమాపక దళానికి, 101కి ఫోన్ చేయండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కూడా దీని దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక నుయ్యి. గుప్పిళ్ల లెక్క పనికిరాదండీ. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల మంచి పౌడర్ చాలు. నూతి వెడల్పు 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకుంటే సుమారు 28,000 లీటర్లు, అంటే 70 గ్రాములు. కిరాణా కొట్టు తక్కెడలో తూయించండి. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు వదిలేయండి. అడుగున సున్నం దిగుతుంది, దాన్ని నూతిలో వేయకండి. పైన తేరిన నీటినే మరో బకెట్లోకి వంచి, తాడుతో నూతిలోకి దింపి పైకీ కిందికీ ఆడించండి. రాత్రి ఈ పని చేసి ఉదయం తోడుకుంటే మంచిది, ఎంత తొందరైనా గంట ఆగాలి.

ఇప్పుడున్న నీటిని చాలావరకు తోడి పారబోయండి, చేపల చెరువులోకి మాత్రం వదలొద్దు. కొత్తగా ఊరిన నీటిని తొట్టిలో పోసి ఎండకి పెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది, ఆవులు మళ్లీ తాగుతాయి. అందాకా వేరే నీళ్లు పెట్టండి.

తాజా పౌడర్లో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. నిల్వలో అది తగ్గిపోతుంది. గడ్డకట్టి ఘాటు తగ్గిన పౌడర్ నూతికి వాడొద్దు. కొత్తది తెస్తే మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, శాలకి దూరంగా, నీడన పెట్టండి. ఇనుప డబ్బా వద్దు, తుప్పు తినేస్తుంది. శాల నేల మీద చల్లాలంటే ముందు పేడ గీకి, కడిగి, ఆ తర్వాతే చల్లండి. పేడ మీద చల్లిన బ్లీచింగ్ పేడకే ఖర్చయిపోతుంది.