తేమకు ముడతపడే పొర చేస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

తేమ తగిలితే ముడతలు పడి, ఆరితే నునుపెక్కే పొరను ప్రాజెక్టుగా తీసుకున్నావని తెలిసి ఎంతో సంతోషించానమ్మా. విశాఖలో ఈ పనికి దిగేవాళ్లు ముందుగా పట్టించుకోవలసింది గాలిని. నువ్వు వాడే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే, నీళ్లలో కరిగే ప్లాస్టిక్ లాంటి పదార్థం) గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. బీచ్ రోడ్డు పక్కన కిటికీ తెరిచిన గదిలో బల్ల మీద ఆరబెట్టి దాన్నే పొడి స్థితి అనుకుంటే, ఆ తర్వాతి కొలతలేవీ నిలవవు. సముద్రం నుంచి వచ్చే ఉప్పు తుంపర పొర మీద పడితే అదీ తేమను లాగుతుంది.

అందుకని పొరను ఉంచడానికి మూత బిగుతుగా ఉండే డబ్బా ఒకటి తీసుకో. అడుగున గిన్నెలో ఉప్పు వేసి, కొంత కరగకుండా మిగిలేలా నీళ్లు పొయ్యి. 25 డిగ్రీల దగ్గర డబ్బాలో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టగలిగే తేమలో ఉన్న వంతు, సుమారు 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఉప్పుకు బదులు మెగ్నీషియం క్లోరైడ్ వేస్తే సుమారు 33 శాతం. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. లోపల తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి, ఉష్ణోగ్రత కూడా రాస్తూ ఉండు. విసుగు పుట్టించే పనే, కానీ నా దృష్టిలో ప్రాజెక్టు విలువలో సగం ఇక్కడే ఉంది.

ఇక పొర సంగతి: అడుగున మెత్తని సిలికోన్ రబ్బరు, పైన పలుచని పీవీఏ. పైపొర తేమకు ఉబ్బుతుంది. అడుగుకు అతుక్కుని ఉండటంతో పక్కలకు సాగలేక ముడత పడుతుంది. పైపొర మందం పెరిగితే ముడతల మధ్య దూరమూ పెరుగుతుంది కనుక ప్రతి ముక్క మందమూ కొలువు. రబ్బరుకు ముందుగా ప్లాస్మా (విద్యుత్తుతో అయనీకరించిన వాయువు) పట్టించకపోతే పీవీఏ ఊడివస్తుంది. గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో పీవీఏ అణువుల గొలుసులను ముడివేయకపోతే నీళ్లలో కరిగిపోవచ్చు. ఆ రసాయనం సీసాను ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే ల్యాబ్ అర) బయట తెరవకు తల్లీ, కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని.

నానిన వేళ్ల ముడతలే స్ఫూర్తి అని నివేదికలో రాయాలనిపిస్తుంది. పోలిక పైకి కనిపించేంత వరకే. వేళ్లలో నరాలు రక్తనాళాలను కుంచింపజేస్తాయి, అందుకే చర్మం లోపలికి ముడుచుకుంటుంది. నరం తెగిన వేలు నానినా అలా ముడతపడదు. నీ పొరకు అసలైన చుట్టం పైన్ కాయ. దాని పొలుసులోని రెండు పొరలు తేమకు వేర్వేరుగా ఉబ్బుతాయి, అందుకే తడిస్తే మూసుకుని, ఆరితే విచ్చుకుంటుంది. చెట్టు నుంచి రాలిన కాయ కూడా ఆ పని చేస్తుంది.

డబ్బాలు సిద్ధం కాగానే, ఇంకా పొర వేయకముందే, రెండు మూడు రోజుల హైగ్రోమీటర్ అంకెలు నాకు పంపు. కలిసి చూద్దాం.

మీ మామయ్య